నరకంలో తాడు

ఆ ఎండాకాలం నాన్న రోజూ పొద్దున్నే భూమిలోకి దిగి సాయంత్రం పైకి వచ్చేవాడు. ఆయన వచ్చిందాకా అమ్మ తల దువ్వుకునేది కాదు. అది మొక్కూ కాదు, పట్టింపూ కాదు. "చేతులు ఆడవే" అనేది, అంతే.

అది ఎనభై ఏడో సంవత్సరం. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. మా ఊరు పర్చూరుకు నాలుగు మైళ్ళు. నాన్న పేరు ఆదాం. బావులు తవ్వుతాడు, పూడికలు తీస్తాడు, ఎండిపోయిన బావుల్ని లోతు చేస్తాడు. ఆ వేసవిలో వెంకయ్యగారి బావి పని పట్టాడు. అంతకు ముందు ఏడు మిరప పూత మీద ఉండగా ఆ బావి అడుగంటింది. వెంకయ్యగారు బిందెలతో నీళ్ళు మోయించి కూడా చేను దక్కించుకోలేకపోయారు. అందుకని తొలకరి లోపల ఇంకో రెండు నిలువుల లోతు దించాలని ఆయన పట్టుబట్టారు.

ఆ బావి అడుగున ఒక్క మనిషికే చోటు. నాన్న కింద పలుగుతో తవ్వి మట్టిని తట్టకెత్తితే, పైన గట్టు మీద గిలక దగ్గర మరియదాసు పెదనాన్న లావుపాటి తాడు, మోకు, లాగేవాడు. తట్ట పైకి వచ్చేది ఆ మోకు మీదే, నాన్న పైకి వచ్చేదీ ఆ మోకు మీదే. పెదనాన్న మా సంఘ పెద్ద కూడా. ఆదివారం చర్చిలో కానుక సంచి పట్టేవాడు. మిగతా ఆరు రోజులు నాన్న మోకు పట్టేవాడు.

నాకు ఒక డైరీ ఉంది. పురుగుమందుల కొట్టువాళ్ళు రైతులకిచ్చే డైరీల్లో మిగిలిపోయిన ఎనభై ఐదుది నాన్న అడిగి తెచ్చాడు. తేదీలు కొట్టేసి రాసుకుంటాను. ఆ ఎండాకాలం మాటలకన్నా బొమ్మలే ఎక్కువ వేశాను. సాయంత్రం నాన్న పెరట్లో రాతిబండ మీద కూర్చునేవాడు. అమ్మ నీళ్ళు పోసేది. నేను డైరీ పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. ఆదివారపు బడిలో అరిగిపోయి పారేసిన మైనపు రంగుల ముక్కలు నా దగ్గర ఒక డబ్బాడు ఉన్నాయి.

"ఇవాళ ఏం చూశావు నాన్నా?"

బయటివాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. నాన్నను మాత్రం ఎంతైనా అడుగుతాను.

"ఇవాళ పాతాళంలో రెండో గుమ్మం దాటానమ్మా" అన్నాడు ఒకరోజు. "నల్లరేగడి అయిపోయింది. ఇప్పుడంతా పసుపు మన్ను. దాంట్లో సుద్ద గులకలు. పాలపళ్ళ మాదిరి నవ్వుతున్నాయి."

"చల్లగా ఉందా?"

"కింద చల్లగానే ఉంది. పైకొస్తేనే మీ అమ్మ చేతుల మంట."

అమ్మ పగలంతా మిరపకాయలకు తొడిమలు తీసి వచ్చేది. ఆ చేతులు ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోయేది కాదు. వీపు రుద్దితే నాన్న ఎగిరిపడేవాడు.

నేను ముందు పేజీ మధ్యలో మోకు గీసేదాన్ని. పైనుంచి కింది దాకా ఒకే గీత. తర్వాత దాని చుట్టూ పొరలు. బావి బొమ్మ అలాగే మొదలవుతుందని నా చేతికి అలవాటు.

మే నెల మొదట్లో ఒక సోమవారం నాన్న గొంతు తగ్గించి చెప్పాడు. "ఇవాళ ఇసుకరాజు కనపడ్డాడు."

"ఎవరు?"

"పడమటి గోడలో ఉన్నాడు. జానెడు మందాన ఇసుక పొర, నా మోకాళ్ళ ఎత్తున. పిండి జల్లించినట్టు కారతా ఉన్నాడు. నోరు తెరిచి ఆవులిస్తున్నాడు. గుప్పెడు పట్టేంత నోరు."

"పొద్దుగూకేళ ఆ మాటలేందయ్యా" అంది అమ్మ. "పిల్ల జడుసుకుంటది."

"జడుసుకునేదైతే అడగదులే."

బుధవారం నాటికి ఇసుకరాజు నాన్న నడుం ఎత్తుకు వచ్చాడు. ఆయన రాలేదు, నాన్నే కిందికి దిగాడు. "ఇవాళ నా ముంజేయి మింగాడమ్మా" అన్నాడు నాన్న. శనివారం నాటికి నెత్తి మీదికి పోయాడు. "చెయ్యి పైకెత్తి పెట్టి చూశా. భుజం దాకా పోయింది. ఆకలి మీదున్నాడు." నేను మూడు రోజులూ మూడు పేజీల్లో మూడు నోళ్ళు వేశాను. ఆ తర్వాత నాన్న ఇసుకరాజు మాట ఎత్తలేదు. కింద ముదురు రంగు మొరం తగిలిందని, పలుగు మొన తిరిగిపోతోందని, దాని గురించే చెప్పేవాడు.

ఏటా మేలో మా చర్చిలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు, ప్రార్థనలూ ప్రసంగాలూ, జరుగుతాయి. ఆ ఏడు పెద్దలు ఒక తెర వేయించాలనుకున్నారు. పైన పరలోకం, కింద నరకం. పాస్టరుగారి వెనక గోడ నిండా వేలాడాలి. వేయడానికి పర్చూరు నుంచి బుడే సాయిబు వచ్చాడు. పొలాల పక్క గోడల మీద పురుగుమందుల ప్రకటనలు రాసేది ఆయనే. యాభై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇంటికొక రోజు చొప్పున అన్నం పంపాలని పెద్దలు వంతులు వేశారు.

మా వంతు వచ్చిన సోమవారం నేను క్యారేజీ తీసుకుని చర్చికి వెళ్ళేసరికి గుమ్మం దగ్గర ఆడవాళ్ళు మూగి ఉన్నారు. పరలోకం ఒక్క పూటలో అయిపోయిందట. తెల్లటి మబ్బులు, తెల్లటి బట్టలు, తిన్నని వీధి. అందరూ చూస్తున్నది నరకంలో ఎర్రటి మంటల మధ్య మెలికలు తిరుగుతున్న పురుగుల్ని.

"ఇది మన పత్తిలో పచ్చపురుగు కాదూ?" అంది కొండమ్మత్త.

"అదేలే. పోయినేడు ఏ మందు కొట్టినా చావలేదుగా, అందుకే తెచ్చి నరకంలో వేశాడు."

ఆడవాళ్ళంతా నవ్వారు. బుడే సాయిబు కుంచె ఆపలేదు. "పురుగు వెయ్యమంటే నాకు ఇదొక్కటే వచ్చమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి గోడల మీద దీన్నే వేస్తన్నా" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన అన్నం తింటూ తెర వంకే చూస్తున్నాడు. ఆయనకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది. "మంటలు బాగానే వచ్చాయి. లోతు రాలా. గొయ్యి లాగా లేదు, పొయ్యి లాగా ఉంది. ఏమంటావు?" అన్నాడు.

డైరీ నా చేతిలోనే ఉంది. దాన్ని తెరిచి, ఆయన పళ్ళెం పక్కన పెట్టి, నాలుగడుగులు దూరం జరిగాను. ఎడమ చేత్తో ఆయన ఒక్కొక్క పేజీ తిప్పాడు. అన్నం చల్లారిపోతోంది.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"మా నాన్నండి."

"నువ్వెప్పుడన్నా దిగావా?"

"లేదండి."

"నేను మాత్రం పరలోకం చూసొచ్చి వేశానా" అన్నాడు. చెయ్యి కడుక్కుని, తెర కింది భాగం మీద మంటల మధ్య నున్నగా తెల్లరంగు పూశాడు. "ఆరనీ. ఆరినాక ఇక్కడి నుంచి కిందికి నువ్వెయ్యి. నే పక్కనుంటా."

సోమవారం సాయంత్రం, మంగళవారం పగలూ వేశాను. డైరీలో పేజీ పేజీకీ ముక్కలుగా ఉన్నదాన్ని మొదటిసారి ఒకే చోట కూర్చాను. పైన నల్లరేగడి, దాని కింద సుద్ద గులకల పసుపు మన్ను, దాని కింద ఇసుక పొర, అట్టడుగున తడిసిన మొరం. ఇసుకరాజు నోరు ఏది వేయాలో తెలియలేదు. గుప్పెడా, ముంజేయా, భుజమా? మూడూ వేశాను, ఒకదాని వెనక ఒకటి, లోపలికి పోయేకొద్దీ నల్లగా. చివర్న మోకు. అది ఆలోచించి వేసింది కాదు. చెయ్యే వేసింది. పడమటి గట్టు మీద రెండు గుంజలు, మధ్యన గిలక, అక్కడి నుంచి కిందికి ఒకటే గీత.

బుడే సాయిబు వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూశాడు. "ఇప్పుడొచ్చింది లోతు" అన్నాడు.

ఆ సాయంత్రం పాస్టరుగారు, పెదనాన్న తెర చూడడానికి వచ్చారు. కూటాలు గురువారం మొదలు. బావి పని నుంచి వచ్చి స్నానం చేసిన పెదనాన్న తెల్లచొక్కాలో వేరే మనిషిలా ఉన్నాడు. పాస్టరుగారు చాలాసేపు చూశారు.

"బాగుంది. చూస్తే భయం పుడుతోంది. ఇదేమిటి?"

"తాడండీ" అన్నాడు బుడే సాయిబు. "ఈ అమ్మాయి వేసింది. ఆదాం కూతురు."

"నరకంలో తాడా?"

పాస్టరుగారు కోప్పడలేదు. దగ్గరికి పిలిచి నెమ్మదిగానే చెప్పారు. "అక్కడ పడ్డవాడు మళ్ళీ పైకి రాడమ్మా. అది చెప్పడానికే ఈ తెర. తాడు కనపడితే, ఆఖర్న పట్టుకుని ఎక్కొచ్చులే అనుకుంటారు జనం."

"తీసెయ్యమ్మా కుమారీ" అన్నాడు పెదనాన్న. "రేపు పొద్దున్నే తీసెయ్యి."

బుడే సాయిబు ఆ సాయంత్రం బస్సుకే అద్దంకి వెళ్ళాలి. అక్కడ ఇంకో గోడ ఆయన కోసం కాచుకుని ఉంది. కాస్త నల్లరంగు, కాస్త పసుపు, కాస్త ఎరుపు, సన్నటి కుంచె నా దగ్గర ఉంచాడు. "ఏ పొర మీద ఆ పొర రంగుతోనే పొయ్యి. కనపడదు. మంచి గీత తల్లీ, పోతంది" అన్నాడు.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. ఆమె చేటలో మిరపకాయలు వేసుకుని తొడిమలు తీస్తోంది.

"తీసెయ్యమంది ఎవరు? పాస్టరుగారా?"

"పెదనాన్న కూడా."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "మోకు పట్టుకునే మనిషి మోకు తీసెయ్యమన్నాడా?"

"బొమ్మలో అమ్మా."

"బొమ్మలోనే." ఆమె మళ్ళీ ఒక కాయ తీసుకుంది, తొడిమ తీయకుండానే పక్కన పడేసింది. "రేపు మీ నాన్న బావిలో నుంచి పైకొచ్చిందాకా దాన్ని ముట్టుకోమాక."

"పొద్దున్నే తీసెయ్యమన్నారు."

"నే చెప్పుకుంటాలే." కాసేపటికి, నా వంక చూడకుండా అంది, "ఇది అవిశ్వాసమే. నాకు తెలుసు. అయినా ముట్టుకోమాక."

బుధవారం తెల్లవారగానే చర్చికి వెళ్ళాను. కుంచె పట్టుకుని తెర ముందు కూర్చున్నాను. తీస్తే అమ్మ మాట పోతుంది, తీయకపోతే పెద్దల మాట పోతుంది. ఆ కాసేపట్లో మోకు వంక ఎంత చూశానో, అది నిజంగానే సన్నగా ఊగుతున్నట్టు అనిపించింది. అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. నాన్న, పెదనాన్న బావి దగ్గరికి పోతూ ఆగారు. నాన్న భుజాన పలుగు, పెదనాన్న భుజాన చుట్టచుట్టిన మోకు.

"ఇంకా తియ్యలేదేమ్మా?" అన్నాడు పెదనాన్న.

నేను తల వంచుకున్నాను.

"ఉండన్నా, నేనింకా చూడనేలేదు" అని నాన్న పలుగు గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చాడు. ముందు పురుగుల్ని చూసి నవ్వాడు. పరలోకం వంక ఒకసారి చూశాడు. తర్వాత కింది భాగానికి వచ్చాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కానీ కళ్ళు నవ్వడం మానేశాయి. ఆయన గొంతుక్కూర్చున్నాడు.

"ఇది మన బావి" అన్నాడు.

"నువ్వు చెప్పిందే నాన్నా."

"ఈ నోరేందమ్మా, ఇంత వేశావు?"

"సోమవారం గుప్పెడు అన్నావు. బుధవారం ముంజేయి దాకా అన్నావు. శనివారం భుజం దాకా."

"శనివారం తర్వాత?"

"తర్వాత నువ్వు చెప్పలేదు."

"నాకు అందలేదమ్మా" అన్నాడు నాన్న. "నేను కిందికి పోయాను, అది పైనుండిపోయింది. అందనిదాని మాట ఏం చెప్తాను." మూల నుంచి ఒక చీపురుపుల్ల తీసుకుని, బొమ్మలో బావి అడుగు వెడల్పు కొలిచాడు. ఆ పుల్లనే నోటి మీద పెడితే ఇంచుమించు సరిపోయింది. పుల్లను పైకి జరిపాడు, పసుపు మన్ను మీదికి, నల్లరేగడి మీదికి, గట్టు దాకా. అక్కడ గుంజలు ఉన్నాయి.

"అన్నా, గిలక ఏ గట్టున పెట్టాం?"

"పడమటి గట్టున" అన్నాడు పెదనాన్న. ఆయన బావిలోకి ఎన్నడూ దిగలేదు. కింద ఏముందో ఆయనకు తట్టలో వచ్చే మట్టి రంగును బట్టే తెలుసు. ఇప్పుడు తెర వంక చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన నిలబడి ఉన్నది చర్చి గచ్చు మీద.

ఆ పూట ఇద్దరూ పనికి పోలేదు. పొద్దెక్కాక వెంకయ్యగారే లూనా మీద వచ్చారు. చర్చి వాకిట్లో దిగకుండానే కేకేశారు.

"ఏరా ఆదాం, ఏంది, ఇక్కడ కూర్చున్నారు? అక్కడ ఊటనీళ్ళు తోడే ఇంజను ఆడతా ఉంది, డీజిలు కాలతా ఉంది."

నాన్న లేచి నిలబడ్డాడు. "దిగనండి. పడమటి గోడ కింద డొల్లయింది."

"నిన్న దిగావుగా. నిన్న లేని డొల్ల ఇవాళెక్కడి నుంచొచ్చింది?"

"నిన్న లోపలున్నానండి. లోపలున్నోడికి కనపడలా."

"మరి ఇవాళ ఎక్కడి నుంచి చూశావు?"

నాన్న చర్చి లోపలికి చూశాడు. వెంకయ్యగారు మెడ చాచి గుమ్మంలోంచి తెరను చూశారు. నన్ను చూశారు. "పిల్ల గీసిన బొమ్మ చూసి పని మానుకుంటారంట్రా?"

"గిలక తూర్పు గట్టుకు మారుద్దామండి. పడమటి గట్టు పైనుంచి ఏటవాలుగా చెక్కి, మొద్దులు ఆనిద్దాం. పదిహేను రోజులు పట్టుద్ది."

"పదిహేను రోజులకు చినుకు పడద్ది. మళ్ళీ ఏడాది ఆగాలి. ఈ ఏడు కూడా కాయ రాకపోతే నేనేం గావాల?" ఆయన గొంతు అరుపులా మొదలై మామూలుగా ముగిసింది. "మరియదాసూ, నువ్వు చెప్పు."

"నేను మోకు పట్టనండి" అన్నాడు పెదనాన్న.

"సరే. వేరేవాళ్ళని పిలుచుకుంటా."

"పిలుచుకోండి. దిగేముందు నేనొచ్చి వాళ్ళకు చెప్తా" అన్నాడు నాన్న.

లూనా చప్పుడు దూరమయ్యాక నాన్న చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను కుంచె ముంచి, అడుగు నుంచి మొదలుపెట్టి మోకు మీద ఏ పొర దగ్గర ఆ పొర రంగు పూశాను. పొర మారినప్పుడల్లా వెనక్కి తిరిగి, నాన్న మెట్టు మీదే ఉన్నాడా అని చూసుకున్నాను. గిలకా గుంజలూ కూడా పోయాయి. నేను ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ తల దువ్వుకుని ఉంది.

కూటాలు మూడు రోజులూ జరిగాయి. చర్చి పట్టనంత జనం వచ్చారు. పిల్లలు నోటి వంక చూపించుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు. నాకు ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ నోటిని చూస్తూ కూర్చున్నాను. నాన్న సరదాకు చెప్పిన మాటలవి. ముంజేయి అంటే ముంజేయేనా? మూడు నోళ్ళు ఒకదాని వెనక ఒకటి పెట్టింది నేను. కొలత పెట్టి వేశానా? నల్లగా బాగుంటుందని ఇంకాస్త పొడిగించానేమో. నా చెయ్యి తప్పు చేసి ఉంటే నాన్న పని పోయింది, వెంకయ్యగారి చేను పోతుంది. తప్పు చేయకపోతే ఇంకెవరో దిగబోతున్నారు.

ఆ తర్వాతి వారం అద్దంకి వైపు నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. నాన్న వెళ్ళి అంతా చెప్పాడు. గిలక అయినా మార్చమన్నాడు. వాళ్ళు తొంగిచూసి, "గట్టిగానే ఉందిగదా" అని తమ్ముడు దిగాడు, అన్న మోకు పట్టాడు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు. నాన్న రెండు రోజులూ పనేమీ లేకుండా తూర్పు గట్టు మీద నిలబడ్డాడు.

పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే ఆడవాళ్ళు నాకు వినపడేటట్టే అన్నారు. "పాతాళం చూసొచ్చినోడు పటం చూసి బెదిరాడంట."

కొండమ్మత్త నా బిందె ఎత్తి నడుమున పెడుతూ, "వాళ్ళ మాటలకేం, పోవే" అంది. నేను దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఆ గోడ పడితే బాగుండు. ఇంటికి వచ్చి ఆ మాట డైరీలో రాశాను. బావిలో మనిషి ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. చదవడానికి వీల్లేకుండా కొట్టేశాను. కొట్టేసిన చోట కాగితం చిరిగింది.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మొదటి చినుకు పడగానే నాన్న మొదలుపెట్టాడట. "పైకి రమ్మను, పైకి రమ్మను." అన్న విసుక్కున్నాడట. నాన్న పోయి మోకు తనూ పట్టుకుని లాగడం మొదలుపెట్టేసరికి, గొడవెందుకని తమ్ముడు ఎక్కి వచ్చాడట. ముగ్గురూ వాన తగలకుండా ఇంజను పాకలోకి పోయి నిలబడ్డారు. బీడీ ముట్టించుకున్నారు. అది సగం కాలేలోగా పడమటి గట్టు, రెండు గుంజలూ గిలకా మోకూతో సహా, కూర్చున్న మనిషి ఒరిగినట్టు నిదానంగా లోపలికి పోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదన్నాడు నాన్న. ఎక్కడో బస్తా దించినట్టు వినపడిందట.

నాన్న తడిసి ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, నా తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

రెండు రోజుల తర్వాత వెంకయ్యగారు నడిచి వచ్చారు. మా వీధిలోకి ఆయన నడిచి రావడం అదే మొదటిసారి. "ఆ బొమ్మ ఉందా?" అన్నారు. పెదనాన్న చుట్టచుట్టి అటక మీద పెట్టిన తెరను దించి, చర్చి అరుగు మీద పరిచాడు. ఆయన చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు. నోటి మీద చూపు ఆగింది. అక్కడి నుంచి గట్టు దాకా పోయింది.

"అంతా సరిగానే ఉంది" అన్నారు. ఆ తర్వాత అడిగారు. "ఇందులో మోకేదమ్మాయ్? మోకు లేకుండా మనిషి పైకెట్టా వస్తాడు?"

నాన్న నా వంక చూశాడు. పెదనాన్న గచ్చు వంక చూశాడు.

ఆ ఎండాకాలం వెళ్ళి ఆరు నెలలైంది, ఇప్పుడు పత్తి తీతలు నడుస్తున్నాయి. నేను పదో తరగతి సెకండు క్లాసులో పాసయ్యాను. చీరాల కాలేజీలో సీటు వచ్చింది, కానీ అక్కడైతే హాస్టల్లో ఉండాలి. పర్చూరులో చేరాను, రోజూ సాయంత్రానికి ఇంటికి రావచ్చని. ఎందుకని అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు.

నాన్న మళ్ళీ బావులు తవ్వుతున్నాడు. వేరే పని ఆయనకు రాదు. పెదనాన్నే మోకు పడుతున్నాడు. మారినదల్లా సాయంత్రం మాటలే. ఇసుకరాజు, రెండో గుమ్మం, సుద్ద గులకల నవ్వు, అవేవీ ఇప్పుడు లేవు. ఎన్ని జానలు, ఏ గోడ, తడా పొడా, అంతే చెబుతాడు. నేను వేసింది చూశాకే మర్నాడు దిగాలో వద్దో అనుకుంటాడు. నా గీత అటూ ఇటూ అయితే ఏమవుతుందోనని నాకు అన్నం సహించడం లేదు. ఈ సంగతి డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఆయన రాతిబండ మీద కూర్చుని, నేను అడగకముందే అన్నాడు. "ఇవాళ పెద్దగా ఏం లేదమ్మా. ఉత్తరపు గోడలో కాస్త ఇసుక. వేళ్ళు పట్టేంత."

అమ్మ చెంబు ఎత్తింది.

"ఉండమ్మా, నీళ్ళు పొయ్యమాక" అన్నాను.

దగ్గరికి వెళ్ళి నాన్న కుడిచెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. వేళ్ళ మీద, మణికట్టు మీద, ముంజేయి పొడుగునా ఇసుక ఎండి ఉంది. మోచేతి దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అమ్మ చెంబు దించలేదు.

వచ్చి కూర్చుని ముందు మోకు వేశాను. తర్వాత పొరలు. ఇసుక నోరు మోచేతి దాకా వేశాను, ఒక్క నూలు ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను రాసుకున్నవన్నీ ఉన్న ఆ డైరీనే, పేజీ చింపకుండా, ఆయనకిచ్చాను.

నాన్న చాలాసేపు చూసి, మూసి, నా ఒళ్ళో పెట్టాడు.

"రేపు దిగనులే" అన్నాడు అమ్మతో. "తల దువ్వుకో."

ఎల్లుండి సంగతి ఎవరమూ అడగలేదు.